నలభయ్యో పడిలో గేరు బండి

బరంపురంలో బండి కొనడానికి షోరూములో అడుగుపెట్టినవాడు మొదట అడిగేది "మైలేజీ ఎంతిస్తుంది?" అని. ఆ వెంటనే "ఎన్ని సీసీ?" అని. పద్దెనిమిది నిండిన కుర్రాడికి ఈ రెండు ప్రశ్నలూ చాలు. వాడు ఎనిమిదో తరగతిలోనే బాబాయి బండి దొంగచాటుగా తోలి, మోకాళ్ళు గీరుకుని, నేర్వాల్సింది నేర్చేసి ఉంటాడు. ఈ అధ్యాయం వాడి కోసం రాసింది కాదు.

సూరత్ మరమగ్గాల దగ్గర ఏళ్ళ తరబడి నిలబడి పనిచేసి, ఆస్కా దగ్గర సొంతూరికి వచ్చేసి, చేతిలో నాలుగు డబ్బులుండగా జీవితంలో మొదటిసారి బండి కొంటున్న మనిషి ఉన్నాడు. గంజాం జిల్లా నుంచి సూరత్ పోయి బతికేవాళ్ళు లక్షల్లో ఉన్నారు కాబట్టి ఇలాంటివాళ్ళు ఇక్కడ ప్రతి ఊళ్ళోనూ తగులుతారు. దిగపహండి అవతల, బస్సు సరిగా రాని పల్లెకు బదిలీ అయిన పంతులమ్మ ఉంది. మగ్గం కొడుకు చేతికి అప్పగించి, పట్టుచీరల మూటతో చికిటి నుంచి ఇచ్ఛాపురం దాకా తిరగాలనుకుంటున్న దేవాంగుల పెద్దమనిషి ఉన్నాడు. వీళ్ళందరికీ సైకిలు వచ్చు. కొందరికి స్కూటీ కూడా వచ్చు. గేరు బండి మాత్రం కొత్త.

వయసు మీద పడ్డాక నేర్చుకునేవాళ్ళకు బలం చాలదనీ, భయమెక్కువనీ అంటుంటారు. రెండూ కొంతవరకే నిజం. వాళ్ళకు నిజంగా కరువయ్యేది ధ్యాస. క్లచ్, గేరు, బ్రేకు, అద్దం, ఎదురుగా ఆటో, పక్కన గేదె... ఇన్నింటికీ ఒకేసారి పంచడానికి మెదడు దగ్గరున్న ధ్యాస పరిమితం. మొదటి బండి ఏదైనా కావచ్చు, అది ఆ ధ్యాసను ఎంత తక్కువ ఖర్చు పెట్టిస్తే అంత మంచి బండి. సీసీ, మైలేజీ లెక్కలు ఆ తర్వాతి మాట.

అన్నిటికంటే ఎక్కువ ధ్యాస తినేది ఆగి ఉన్న బండి. విచిత్రంగా అనిపించినా ఇది నిజం. కదిలే బండి తనను తాను చాలావరకు నిలబెట్టుకుంటుంది. ఆగిన బండిని మనం నిలబెట్టాలి. 1885లో జర్మనీలో డైమ్లర్, మైబాఖ్ అనే ఇంజనీర్లు కలిసి తయారుచేసిన తొలి పెట్రోలు మోటారు సైకిల్‌కు అటొకటి ఇటొకటి రెండు చిన్న చక్రాలుండేవి. డైమ్లర్ కొడుకు పాల్ దాన్ని కాన్‌స్టాట్ నుంచి పక్క ఊరిదాకా నడిపాడు. దారిలో సీటు వేడెక్కి అంటుకుందని కూడా చెబుతారు. అంటే ప్రపంచంలో మొట్టమొదట మోటారు బండి నేర్చుకున్నవాడికి పిల్లల సైకిల్‌కు ఉండేలాంటి ఊత చక్రాలు ఇచ్చారన్నమాట. తర్వాత వచ్చినవాళ్ళకు ఆ భాగ్యం లేదు.

బండి ఎందుకు పడిపోదన్న ప్రశ్నకు చాలాకాలం "చక్రాలు గిర్రున తిరుగుతాయి కాబట్టి, బొంగరంలాగా" అనే జవాబు చెప్పేవారు. 2011లో కార్నెల్, డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ప్రయోగం దానికి గండి కొట్టింది. చక్రాల బొంగరపు ప్రభావం రద్దయ్యేలా, వాటికి ఎదురు దిశలో తిరిగే మరో జత చక్రాలు బిగించి ఒక సైకిల్ తయారుచేశారు. తగినంత వేగంతో నెట్టి వదిలితే, మీద మనిషి లేకపోయినా అది పడకుండా ముందుకు సాగింది. ఎటు ఒరిగితే ముందు చక్రం దానంతటదే అటు తిరగడం, అలా తిరిగి బరువు కిందికి చక్రాలను మళ్ళీ తెచ్చుకోవడం, నిలబడడానికి అసలు కిటుకు ఇదే. దీనికి వేగం కావాలి. నడక వేగంలో ఈ సాయం దాదాపు ఉండదు, అంతా మన చేతులే చూసుకోవాలి.

ఇప్పుడు బరంపురం నడిబొడ్డును తలుచుకోండి. బడాబజారు, అన్నపూర్ణ మార్కెట్ చుట్టుపక్కల సందులు మోటారు వాహనాల కోసం వేసినవి కావు. రిక్షాలు, చీరల మూటలు, ఆవులు, పెళ్ళి సామాను కొనడానికి దిగిన జనం. ఠాకురాణీ యాత్ర జరిగే ఏడాదైతే చెప్పనే అక్కర్లేదు. ఇక్కడ బండి పది కిలోమీటర్ల వేగం దాటే సందర్భాలే తక్కువ. జాతీయ రహదారి మీద ఎనభైలో హాయిగా పోయే బండి ఇక్కడ అడుగడుక్కీ మన కాలి మీద ఒరుగుతుంది. ఊళ్ళో కొత్తగా నేర్చుకునేవాడి రోజంతా ఈ ఆగడం, కదలడం, మళ్ళీ ఆగడంలోనే గడుస్తుంది.

ఒరిగిన బండి ఎంత బరువు మోపుతుందో కాగితం మీద లెక్కేయొచ్చు. హీరో స్ప్లెండర్ ప్లస్ బరువు సుమారు 112 కిలోలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సుమారు 195 కిలోలు. బండి బరువు కేంద్రం నేలకు అర మీటరు ఎత్తులోనూ, హ్యాండిల్ మీటరు ఎత్తులోనూ ఉన్నాయనుకుందాం. బండి 10 డిగ్రీలు పక్కకు ఒరిగితే దాన్ని హ్యాండిల్ దగ్గర పట్టి ఆపడానికి స్ప్లెండర్‌కు దాదాపు 10 కిలోల బలం, క్లాసిక్‌కు 17 కిలోల బలం కావాలి. ఇంతవరకు ఇద్దరూ నెట్టుకొస్తారు. 20 డిగ్రీలు ఒరిగితే ఆ అంకెలు 19, 33. ముప్ఫై మూడు కిలోలంటే పాతిక కిలోల బియ్యం బస్తాను మించిన బరువు, దాన్ని ఒక పక్కకు వంగి, ఒంటికాలి మీద, ఎదురుచూడని క్షణంలో ఎత్తినట్టు. 30 డిగ్రీలకు పోతే 28, 49. అక్కడ ఆపడానికి ప్రయత్నించకుండా బండిని వదిలేసి పక్కకు తప్పుకోవడమే నడుముకు మంచిది.

ఈ లెక్కలో బరువు ఎంత ముఖ్యమో, ఒరిగే కోణం అంతకంటే ముఖ్యం. కోణాన్ని నిర్ణయించేది కాలు నేలకు ఎంత తొందరగా తగులుతుందన్నది. అందుకే సీటు ఎత్తు చూడాలి. స్ప్లెండర్ సీటు 785 మిల్లీమీటర్ల ఎత్తు, క్లాసిక్‌ది 805. ఇరవై మిల్లీమీటర్లు ఏపాటి తేడా అనిపిస్తుంది. మడమ నేలకు ఆనడానికీ, వేళ్ళ మీద నిలబడడానికీ మధ్య తేడా సరిగ్గా ఆపాటిదే. పైగా కంపెనీ కాగితంలో రాసిన ఎత్తు పూర్తి కథ చెప్పదు. మనం కూర్చోగానే వెనక షాకబ్జార్బర్లు రెండు మూడు సెంటీమీటర్లు కుంగుతాయి, అది మనకు లాభం. సీటు వెడల్పుగా ఉంటే తొడలు పక్కలకు విచ్చుకుని కాలు పొట్టిదైపోతుంది, అది నష్టం. కాబట్టి ఇంట్లోనే ఒక కొలత తీసుకోవడం మంచిది. గోడకు ఆనుకుని, వట్టి కాళ్ళతో నిలబడి, ఒక గట్టి అట్ట పుస్తకాన్ని రెండు కాళ్ళ మధ్య పైదాకా జరిపి, దాని పై అంచు దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత గీయాలి. నేల నుంచి గీత దాకా ఉన్నదే మీ కాలి లోపలి పొడవు. అది సీటు ఎత్తుకు సమానంగానో, రెండు సెంటీమీటర్లు తక్కువగానో ఉన్నా ఫరవాలేదు. అయిదారు తక్కువైతే ఆ బండి మీది కాదు, ఎంత ముద్దొచ్చినా.

షోరూములో ఈ సంగతి తెలియకుండా చేసే ఒక పద్ధతి ఉంది. మా వీధిలో ఒకాయన, నలభై దాటిన మనిషి, మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని బండి చూడడానికి వెళ్ళాడు. కూడా నేనూ వెళ్ళాను.

"మావయ్యా, తీసుకుంటే బుల్లెట్టే తీసుకో. ఏటి, మాటిమాటికీ కొంటామా?" అన్నాడు మేనల్లుడు.

"మీ పర్సనాలిటీకి అదే బాగుంటాది సార్. ఓపాలి ఎక్కి చూడండి," అన్నాడు అమ్మే కుర్రాడు.

ఆయన ఎక్కాడు. బండి తేలిగ్గానే ఉందన్నాడు. ఉండదూ మరి! ఆ కుర్రాడు వెనక నిలబడి, సీటు వెనకున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. బరువంతా వాడి చేతుల్లో ఉంది. అమ్మేవాడి చేయి బండి మీద ఉన్నంతసేపు ఆ బండి గురించి మనకేమీ తెలియదు. "బాబూ, కాస్త వదిలెయ్" అని అడిగాం. ఆయన కుడికాలు మునివేళ్ళ మీదికి లేచింది, మోచేతులు బిగుసుకున్నాయి. వదిలేశాక చేయించాల్సిన పరీక్ష ఇంకొకటుంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే, రెండు కాళ్ళతో బండిని ఒక బండి పొడవు వెనక్కి తీసుకెళ్ళాలి. షోరూము ముందు వాలు ఉంటే మరీ మంచిది. పార్కింగులోంచి తీయడం, మార్కెట్లో మళ్ళించుకోవడం, ఇంటి గేటు దగ్గర తిప్పుకోవడం, రోజూ చేయాల్సినవి ఇవే కదా. అది చేయగలిగితే ఆ బండి నేర్చుకోవడానికి పనికొస్తుంది. మా పెద్దమనిషి చివరికి కొన్నది 125 సీసీ బండి. మేనల్లుడు ఇప్పటికీ మొహం మాడ్చుకునే ఉన్నాడు.

బుల్లెట్ మీద మోజు తెలుగు ఇళ్ళలో ఊరికే పుట్టింది కాదు. 1955లో మద్రాసులో ఆ బండి తయారీకి కంపెనీ పెట్టారు, దానికి మునుపే సైన్యం ఆర్డరిచ్చింది. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న గంజాంకు మద్రాసు సరుకంటే ఒక మర్యాద. తాతదో నాన్నదో బుల్లెట్ ఇంటి వసారాలో ఉన్నవాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పాత బుల్లెట్లకు గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉండేవి. ఇప్పటి బళ్ళన్నీ దానికి తారుమారు. దాని మీద నేర్చుకుని దీని మీద తోలడం, దీని మీద నేర్చుకుని దాని మీద తోలడం, రెండూ తగవు.

ఇలా తారుమారు కావడంలో ఉన్న ప్రమాదం ఏమిటో తెలియాలంటే మెదడు పని ఎలా నేర్చుకుంటుందో చూడాలి. పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1967లో ప్రతిపాదించిన మూడు దశలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. మొదటి దశలో ప్రతి కదలికనూ మనసులో మాటలుగా చెప్పుకుంటాం: క్లచ్ నొక్కు, గేరు వెయ్, మెల్లగా వదులు, రేజ్ ఇవ్వు. రెండో దశలో తప్పులు తగ్గి కదలికలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. మూడో దశలో చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, మనం పక్కవాడితో కబుర్లు చెప్పొచ్చు. మొదటి దశలో ఉన్నవాడి ధ్యాస మొత్తం హ్యాండిల్ మీదే ఖర్చయిపోతుంది, రోడ్డుకు మిగిలేది అతి తక్కువ. ఇరవయ్యేళ్ళవాడు ఈ దశను తొందరగా దాటతాడు, నలభై అయిదేళ్ళవాడికి ఇంకొన్ని వారాలు పడతాయి. దాటేదాకా క్లచ్ మెత్తగా, గేరు తేలిగ్గా పడే బండి ఉండాలి. అంతకంటే రహస్యం లేదు.

అయితే పెద్దవాళ్ళకు ఇంకో చిక్కుంది. వాళ్ళ చేతులు ఖాళీగా రావు, పాత అలవాట్లతో వస్తాయి. స్కూటీ బాగా నడిపే మనిషిని గమనించండి. స్కూటీలో ఎడమచేతి లీవరు వెనక బ్రేకు. అయిదారేళ్ళుగా ఏ కుక్క అడ్డం వచ్చినా, ఏ పిల్లాడు పరిగెత్తినా, ఆమె ఎడమచేతి నాలుగు వేళ్ళూ ఆ లీవరును గట్టిగా పట్టుకున్నాయి, బండి ఆగింది. గేరు బండిలో సరిగ్గా అదే చోట, అదే ఆకారంలో ఉన్నది క్లచ్. ఊరి చివర కొత్త లేఅవుట్లో పొద్దున్నే గేరు బండి నేర్చుకుంటుంటే మేక అడ్డం వస్తుంది. ఎడమ పిడికిలి బిగుసుకుంటుంది, కణుపులు తెల్లబడతాయి. ఇంజనుకూ చక్రానికీ సంబంధం తెగిపోతుంది, అంటే ఇంజను ఇచ్చే కాస్త అడ్డూ పోయి బండి ఇంకా స్వేచ్ఛగా దొర్లుతుంది. ఆమె ఇంకా గట్టిగా నొక్కుతుంది. బండి ఇంకా ఆగదు. "బ్రేకు పడలేదు" అంటుంది దిగాక. ఆమె దృష్టిలో అది అబద్ధం కాదు.

ఈ అలవాటును మాటలతో చెరపలేం. పాతదాని మీద కొత్త అలవాటు పేరుకునేదాకా మేకలు లేని చోట, తక్కువ వేగంలో, కుడిచేయి కుడికాలు కలిపి ఆపడం పదే పదే చేయాలి. కాబట్టి స్కూటీ నుంచి మారేవాళ్ళు నేర్చుకునే నెలల్లో స్కూటీ ముట్టకపోవడం మంచిది. పొద్దున ఇది, సాయంత్రం అది అంటే చేతికి ఏది నిజమో తెలియదు. మరోపక్క, స్కూటీ మీద సంపాదించిన రోడ్డు తెలివి, అంటే ఆటో ఎప్పుడు ఆగుతుందో, బస్సు ఎటు తిరుగుతుందో పసిగట్టే చూపు, యథాతథంగా పనికొస్తుంది. సైకిలు వచ్చినవాడికి ఒరుగుడు లెక్క ఒంట్లోనే ఉంటుంది. కుడికి తిరగాలంటే ముందుగా హ్యాండిల్‌ను లిప్తపాటు ఎడమకు తిప్పి బండిని కుడికి ఒరగనివ్వాలి. ఈ పని మనందరం చేస్తాం, చేస్తున్నామని మాత్రం తెలియదు. విమానం కనిపెట్టిన విల్బర్ రైట్ అంతకుముందు సైకిళ్ళ వ్యాపారి. ఎందరో సైకిలు తొక్కేవాళ్ళను ఎలా తిరుగుతారని అడిగినా సరిగ్గా చెప్పినవాడు ఒక్కడూ దొరకలేదని ఆయన అనేవాడు.

ఇక బ్రేకుల సంగతి. లాస్ ఏంజలెస్‌లో జరిగిన 900 మోటారు సైకిల్ ప్రమాదాలను హ్యారీ హర్ట్ బృందం ప్రమాద స్థలాలకే వెళ్ళి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. బండి నడిపినవాళ్ళలో 92 శాతం మంది తమంతట తామే నేర్చుకున్నవాళ్ళు, లేదా ఇంట్లోవాళ్ళ దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్ళు. ప్రమాదం ముంచుకొచ్చిందని తెలిశాక తప్పించుకోవడానికి మామూలుగా దొరికే వ్యవధి రెండు సెకన్ల లోపే. చాలామంది ఆ రెండు సెకన్లలో వెనక బ్రేకు అదిమి చక్రం జారనిచ్చారు, ముందు బ్రేకును సరిగా వాడలేదు. మన దగ్గర కూడా "ముందు బ్రేకు ముట్టకు, ఎగిరి పడతావు" అని నేర్పేవాళ్ళే ఎక్కువ.

బ్రేకు వేయగానే బరువు ముందుకు జరుగుతుంది. స్ప్లెండర్ రెండు చక్రాల మధ్య దూరం 1236 మిల్లీమీటర్లు. మనిషితో కలిపి బరువు కేంద్రం 60 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుని, గట్టిగా బ్రేకు వేస్తే, మొత్తం బరువులో దాదాపు పావు వంతు వెనక చక్రం నుంచి ముందు చక్రానికి పోతుంది. మొదట సగం సగం ఉన్నది ముప్పావు, పావు అవుతుంది. పావు బరువే మిగిలిన వెనక చక్రాన్ని అదిమితే అది ఆగిపోయి జారడం తప్ప ఏం చేస్తుంది? ఆపే శక్తి ముందు ఉంది. దాన్ని ఒక్కసారిగా గుంజకూడదు, పిండినట్టు నొక్కాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో, ఒక సెకను తేరుకోవడానికి పోగా, కొత్తవాడు మామూలుగా ఆపితే బండి సుమారు 23 మీటర్లు పోతుంది. 60లో అది 44 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లయితే దూరం దాదాపు రెండింతలైంది.

చట్టం ఇక్కడ కొంత సాయం చేసింది. 2019 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధన ప్రకారం 125 సీసీ దాటిన బళ్ళకు ఏబీఎస్ తప్పనిసరి. అంతకు లోపువాటికి సీబీఎస్ ఉంటే చాలని అప్పుడు చెప్పారు, అంటే వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడే ఏర్పాటు. సీబీఎస్ చక్రం జారకుండా ఆపలేదు, బ్రేకును రెండు చక్రాలకూ పంచుతుంది అంతే. ఏబీఎస్ జారడాన్ని సెన్సరుతో పట్టుకుని, బ్రేకును సెకనుకు ఎన్నోసార్లు వదిలి పడుతుంది. గోపాలపూర్ దారిలో సముద్రం దగ్గరపడేసరికి గాలికి ఇసుక రోడ్డు మీదికి వస్తుంది. తారు మీద ఇసుక పలచగా పరుచుకుంటే టైరుకు పట్టు చాలావరకు పోతుంది. తొలకరి చినుకులకు నూనె తేలిన రోడ్డూ అంతే. ఇలాంటి చోట కంగారుపడ్డ చేతిని ఏబీఎస్ కాపాడినట్టు మరేదీ కాపాడదు. కాబట్టి 150, 160 సీసీ బండి కొంటానని ఎవరైనా అంటే, దానికి నేను ఒప్పుకునే కారణం ఈ ఏబీఎస్ ఒక్కటే. అది బలమైన కారణం కూడా. పల్సర్ 150 బరువు 148 కిలోలు, స్ప్లెండర్‌కూ క్లాసిక్‌కూ మధ్యలో. కాలి పొడవు, నడుము బలం ఉన్నవాడికి అది సరైన బేరం.

"ఘాటీ ఎక్కాలంటే పెద్ద ఇంజను ఉండాలి కదా" అనేది ఆ తర్వాత వచ్చే మాట. తప్తపాణి వేడినీళ్ళ ఊటకు వెళ్ళే కొండదారినో, తారాతారిణి కొండ మీది రోడ్డునో మనసులో పెట్టుకుని అడుగుతారు. బండి, నడిపేవాడు, వెనక ఒకరు కలిపి 237 కిలోలు అనుకుందాం. నూరు మీటర్లకు ఎనిమిది మీటర్లు ఎక్కే వాలులో, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి కావలసిన శక్తి దాదాపు 1.5 కిలోవాట్లు. గాలి, టైర్ల అడ్డుకు ఇంకాస్త కలిపినా మూడు హార్స్‌పవర్‌లోపే. స్ప్లెండర్ ఇంజను ఎనిమిదికి దగ్గరగా ఇస్తుంది. నింపాదిగా రెండో గేరులో ఎక్కుతుంది, అంతే. పెద్ద ఇంజనుకు మాత్రం ఒక మంచి గుణం ఉంది, దాచడం న్యాయం కాదు. క్లాసిక్ 350 తక్కువ తిరుగుళ్ళలోనే గట్టిగా లాగుతుంది, 4000 ఆర్‌పీఎం దగ్గర 27 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. క్లచ్ కాస్త తొందరపడి వదిలినా ఆగిపోదు. చిన్న ఇంజనులో అదే పొరపాటుకు బండి ఠక్కున ఆగిపోయి వెనక ఆటోవాడు తిట్టుకుంటాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బళ్ళలో కార్బ్యురేటరు పోయి ఇంజెక్షన్ వచ్చింది కాబట్టి చలికాలం పొద్దున చోకు లాగే బాధ, ఇంజను ఊరికే ఆగిపోయే బాధ తగ్గాయి. మిగిలిన కాస్త ఇబ్బంది అభ్యాసంతో పోతుంది. బండి బరువు అభ్యాసంతో పోదు.

మైలేజీ గురించి ఒక్క మాట: 100, 125 సీసీ బళ్ళలో ఏది తీసుకున్నా తేడా మీ కుడిచేయిలో ఉన్నంత ఇంజనులో ఉండదు.

గంజాంలో కొనేవాడు తప్పకుండా చూడాల్సింది, ఢిల్లీ పత్రికలు రాయనిది, ఉప్పు. ఛత్రపురం, హుమ్మ వైపు ఉప్పు మళ్ళు, ఇటు గోపాలపూర్ కెరటాలు, చిల్కా ఒడ్డు. ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ కావాలి. ఉప్పు ఆ పనికి రెండు విధాల దన్నుగా నిలుస్తుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది, క్లోరైడ్ అయాన్లు లోహం మీది కాపుదల పొరకు చిల్లులు పొడుస్తాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు రేణువు వాన పడకపోయినా తనే తేమ పీల్చుకుని ఉప్పు నీటి బొట్టవుతుంది. మన తీరంలో తేమ అంత ఉండని రోజులు ఎన్ని? అందుకే గొలుసు బయటికి కనిపించే సోకు బండి కంటే, గొలుసు చుట్టూ రేకు డబ్బా పూర్తిగా మూసిన బండి ఈ జిల్లాకు నప్పుతుంది. గొలుసు మూసిన బండికి మరో లాభం కూడా ఉంది. పట్టుచీరల ఊరు మనది. గొలుసులోకి కొంగు చిక్కదు. ఇక వెనక చక్రంలోకి కొంగు చిక్కకుండా చూసే చీర కాపు ఉండాలన్నది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది. వెనక చక్రంలో కనీసం సగం కప్పాలని అందులో ఉంది. అందం చెడుతుందని దాన్ని ఊడబీకించే కుర్రాళ్ళున్నారు. వాళ్ళ అమ్మలు ఆ బండి ఎక్కరనుకుంటాను.

చీర కట్టుకున్న మనిషి వెనక సీటు మీద ఒక పక్కకు కూర్చుంటే బండికి ఏమవుతుందో కూడా లెక్క కడదాం. 55 కిలోల మనిషి బరువు మధ్యగీతకు పది సెంటీమీటర్లు ఎడమకు జరిగితే, బండి నిటారుగా పోవడానికి కుడికి దాదాపు రెండు డిగ్రీలు ఒరిగి ఉండాలి. అలవాటైనవాడికి తెలియను కూడా తెలియదు, కొత్తవాడికి బండి ఎటో లాగుతున్నట్టుంటుంది. ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్ళ లైసెన్సు మీద నడిపేవాడు నేర్పేవాణ్ణి తప్ప ఎవరినీ వెనక ఎక్కించుకోకూడదన్న నిబంధనను ఈ భౌతికశాస్త్రం కూడా సమర్థిస్తుంది. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, ముప్ఫై రోజుల తర్వాత పరీక్షకు వెళ్ళొచ్చు. ముప్ఫయ్యొకటో రోజున వెళ్ళి తీరాలని ఎక్కడా లేదు.

నా మట్టుకు నేను మొదటి బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకోమనే చెబుతాను. నేర్చుకునే బండి ఎలాగూ ఒకట్రెండుసార్లు పక్కకు పడుతుంది, కొత్తదానికి గీత పడితే మనసుకు గీత పడుతుంది. అయితే ఈ తీరంలో పాత బండి కొనేటప్పుడు పెయింటును చూసి మోసపోకూడదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ వచ్చింది. తుఫాను నీటిలో మునిగి తేలిన బండి పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. సీటు ఊడదీసి దాని కింద వైర్ల చివర్లు ఆకుపచ్చగా మారాయేమో, చువ్వల చక్రమైతే చువ్వలు రిమ్ములో దిగేచోట తుప్పు ఉందేమో, సైలెన్సరు కింది అతుకు గోకితే రాలుతోందేమో చూడాలి. మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళడం ఇంకా మేలు.

సెకండ్ హ్యాండ్‌లో మిగిలిన డబ్బులోంచి మొదట కొనాల్సింది కొత్త హెల్మెట్. అది మాత్రం సెకండ్ హ్యాండ్‌లో వద్దు. ఒక దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి థర్మోకోల్ నలిగిపోయి రెండో దెబ్బకు పనికిరాదు, పైకి తెలియదు. 1935 మేలో 'అరేబియా లారెన్స్'గా పేరుపొందిన బ్రిటిష్ సైనికాధికారి మోటారు సైకిల్ మీంచి పడి ఆరు రోజులకు చనిపోయాడు. అప్పుడు ఆయన్ను చూసిన వైద్యుల్లో ఒకరైన హ్యూ కెయిర్న్స్ ఆ మరణాన్ని మరిచిపోలేక తల దెబ్బల మీద పరిశోధన మొదలుపెట్టి, 1941లో ప్రచురించాడు. హెల్మెట్ మీద తర్వాత జరిగిన చదువుకు అది పెద్ద ఊపునిచ్చింది. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్ తల గాయాల ప్రమాదాన్ని 69 శాతం, మరణం ప్రమాదాన్ని 42 శాతం తగ్గిస్తుంది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళే. హెల్మెట్ మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అంకె ఉన్నాయో లేదో చూడాలి. రోడ్డు పక్క టార్పాలిన్ మీద పరిచి అమ్మేవాటిలో ఉన్న గుర్తును నమ్మడమా మానడమా అన్నది మీ తలకు మీరిచ్చే విలువను బట్టి.

ఇంత చేశాక, ఒక వానాకాలం ఊళ్ళో గడిపాక, తప్తపాణికి వెళ్ళొచ్చు. ఎక్కడం కష్టం కాదని ముందే లెక్క వేశాం. కష్టమంతా దిగడంలో ఉంది. మనిషితో కలిపి 200 కిలోల బండి 300 మీటర్ల ఎత్తు నుంచి దిగితే దాదాపు 590 కిలోజౌళ్ళ శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా మారి తీరాలి. దాదాపు రెండు లీటర్ల మామూలు నీళ్ళను మరిగించేంత వేడి అది. అదంతా బ్రేకుల్లోకే పోతే డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, పెడలు లోపలికి పోతుంది, పట్టు తగ్గుతుంది. పెట్రోలు ఆదా అవుతుందని ఇంజను ఆపేసి, క్లచ్ పట్టుకుని జారుతూ దిగేవాళ్ళను ఆ దారిలో ఎవరైనా చూడొచ్చు. ఇంజెక్షన్ బళ్ళలో గేరులో ఉంచి రేజ్ పూర్తిగా వదిలేస్తే, దిగుతున్నంతసేపు పెట్రోలు సరఫరా దాదాపు ఆగిపోతుంది. కాబట్టి ఆ ఆదా ఉత్తుత్తిదే. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. మలుపుకు ముందు కాస్త బ్రేకు వేసి వదిలేయండి. ఎడమచేతి వేళ్ళు మాత్రం క్లచ్ మీద కాదు, పిడి మీదే ఉండాలి.